డిక్కీలో దాచిన గాలి: బళ్ళారి నుంచి సండూరు దాకా

మా అక్క సరోజ నాలుగేళ్ళుగా కారు గానీ బస్సు గానీ ఎక్కలేదు. బళ్ళారి బ్రూస్‌పేటలో ఉంటుంది. మార్కెట్టుకు నడిచి పోతుంది, ఆసుపత్రికి ఆటోలో పోతుంది, అనంతపురంలో ఉన్న నా దగ్గరికి రైల్లో వస్తుంది. అంతకు మించి కదలదు. సిరుగుప్ప రోడ్డు మీద వాళ్ళ కారు వెనక టైరు పేలి బండి పల్టీలు కొట్టినప్పుడు బావ అక్కడికక్కడే పోయాడు, పక్క సీట్లో ఉన్న అక్క విరిగిన భుజంతో బయటపడింది. తర్వాత బండిని చూసిన మెకానిక్ చెప్పింది ఒక్కటే: టైరు కొత్తదే, కానీ గాలి తక్కువగా ఉండింది, ఎండలో అలాగే వేగంగా తోలారు. పోయిన మనిషిని ఎలాగూ తేలేం. కానీ బయల్దేరే ముందు ఒక్కసారి చూసుకుని ఉంటే తెలిసిపోయే సంగతికి మనిషి పోయాడన్న మాట మా ఇద్దరినీ ఇప్పటికీ నిద్రపోనివ్వదు. అక్కలో అది భయమై కూర్చుంది, నాలో కోపమై కూర్చుంది.

అక్క కూతురు భారతి సండూరులో ఉంటుంది. అల్లుడు గని ఆఫీసులో పని చేస్తాడు. భారతికి ఇప్పుడు ఏడో నెల. మా వైపు ఏడో నెలలో తల్లి పోయి కూతురికి పచ్చ గాజులు తొడిగి, చీర పెట్టి, తాను వండి తీసుకుపోయింది తన చేత్తోనే తినిపించాలి. బళ్ళారిలో దీన్ని కుబుస అంటారు. మామూలుగా అయితే భారతే అమ్మ దగ్గరికి వచ్చిపోతూ ఉండేది. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది, ప్రయాణం మాటే ఎత్తొద్దంది. అంటే అక్కైనా సండూరు పోవాలి, లేదంటే ఆ పిల్ల చేతికి గాజులు వేరే ఎవరైనా తొడగాలి. "నువ్వే పోయి తొడిగిరా, నాతో కాదు" అని ఫోన్లో అంది అక్క. దొరికిన రైలు పట్టుకుని బళ్ళారి పోయాను. ఈ టపా ఆ తర్వాత జరిగిన ప్రయాణం గురించి. సండూరు కొండలు చూడాలనుకునే వాళ్ళకు దారి, ఖర్చు అన్నీ ఇందులోనే చెప్తాను. మధ్యమధ్య తిడతాను కూడా, ఓర్చుకోండి.

బావ పోయాక నేను టైర్ల గురించి చదివినంత పరీక్షలకు కూడా చదవలేదు. అందుకే అక్కను ఒప్పించడానికి నా దగ్గర ఒక్కటే దారి ఉంది: ఇప్పటి కార్లలో చాలావాటికి టైర్లలో గాలి ఎంతుందో చెప్పే ఏర్పాటు ఉంటుంది, ముందు సీట్లో కూర్చుని ఆ అంకెలు నీ కళ్ళతో నువ్వే చూసుకుంటూ రా అని. ముందురోజు మధ్యాహ్నం అక్క చెనిక్కాయ ఓళిగలు, అదే పల్లీల బొబ్బట్లు, కాలుస్తుంటే పక్కన కూర్చుని అదంతా చెప్పాను. చక్రం లోపల, గాలి కొట్టే వాల్వుకు ఆనుకుని అగ్గిపెట్టెంత పరికరం ఉంటుంది. దాన్ని సెన్సర్ అంటారు. టైరులో గాలి ఎంత ఒత్తిడితో ఉందో, ఎంత వేడిగా ఉందో అది కొలిచి, రేడియోలాగా కారుకు పంపుతుంది. కారు ఆ అంకెను స్క్రీన్ మీద చూపిస్తుంది. ఉండాల్సిన గాలిలో పావు వంతు తగ్గిందంటే పసుపు దీపం వెలిగించి కూత పెడుతుంది.

"చక్రం గిరగిరా తిరుగుతాంటాది కదా, దానికి కరెంటు యాడిది?" అంది అక్క.

"లోపల చిన్న బ్యాటరీ ఉంటాదక్కా. ఏళ్ళకేళ్ళు వస్తాది. అది అయిపోతే సెన్సరే మార్చాల."

"నాలుగూ ఒక్కతూరే మాట్లాడితే ఏది యా టైరుదో కారుకు ఎట్ల తెలుస్తాది?"

"ఒక్కోదానికి ఒక నంబరుంటాది. ఆ నంబరు చెప్పి మరీ మాట్లాడతాయి."

అక్క ఓళిగ తిరగేసి, "సరే, నమ్ముతా. అంకె దిగినప్పుడు మాత్రం నేనూ దిగిపోతా, తర్వాత నన్ను అనొద్దు" అంది. నాలుగేళ్ళ తర్వాత అక్క కారెక్కుతానంది, నాకు అంతకంటే ఏం కావాలి.

చదివేవాళ్ళకు ఇంకో సంగతి. కొన్ని కార్లలో చక్రం లోపల సెన్సర్ ఉండదు. బ్రేకుల కోసం ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే ఏర్పాటు ఎలాగూ ఉంటుంది, దానితోనే పని గడుపుతారు. గాలి తగ్గిన టైరు కాస్త కుంగి చిన్నదవుతుంది, అందుకని అంతే దూరానికి మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. అందరితో కలిసి నడవడానికి పొట్టివాడు ఎక్కువ అడుగులు వేసినట్టు. ఈ రకం కార్లు అంకె చూపించవు, దీపం మాత్రమే వెలిగిస్తాయి. గాలి సరిగ్గా కొట్టించి ఒక బటన్ నొక్కితే 'ఇదే సరైన కొలత' అని అవి గుర్తుపెట్టుకుంటాయి. గాలి కొట్టించకుండా దీపం ఆర్పడానికి ఆ బటన్ నొక్కే మహానుభావులు మన దగ్గర తక్కువేం లేరు. గాలి లేని టైరునే సరైన టైరని కారుకు నేర్పిస్తారు. వాళ్ళ గురించి రాస్తే ఈ టపా తెమలదు.

నేను మాత్రం అంకెలు చూపించే కారే కావాలని పట్టుబట్టాను. బళ్ళారి దగ్గరి మోక ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటూ కారు బాడుగకు తిప్పే గాదిలింగప్ప నంబరు పక్కింటివాళ్ళు ఇచ్చారు. "టైర్లలో గాలి చూపించే బండేనా?" అని ఫోన్లోనే అడిగాను. ఎందుకు అడుగుతున్నానో, అక్కకు ఏం జరిగిందో కూడా చెప్పాను. "ఉండాది మేడం. నాలుగు టైర్లవీ స్క్రీన్ మీద కనిపిస్తాయి. అమ్మకు ఏం భయం బేడ అని చెప్పండి" అన్నాడు. వద్దు అనడానికి బేడ అంటూ మాటకు నాలుగు కన్నడ ముక్కలు కలపడం ఇక్కడ మామూలే. పొద్దున పోయి సాయంత్రం తిరిగి రావడానికి మూడున్నర వేలకు ఒప్పుకున్నాడు. నలుగురైదుగురు కలిసి పోతే అది మంచి బేరమే.

పొద్దున ఏడుంబావుకు బ్రూస్‌పేటలో ఎక్కాం. ఏడు సీట్ల బండి, లోపల శుభ్రంగా ఉంది, అద్దానికి మల్లెపూల దండ. వెనక డిక్కీలో గాజుల బుట్ట, చీర, ఓళిగల డబ్బా, సజ్జ రొట్టెల మూట సర్దాం. గాదిలింగప్ప నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. అక్క వైపు తలుపు తానే తీసి పట్టుకుని, "కూర్చోండమ్మా, ఈడ చూసుకోండి" అని స్క్రీన్ చూపించాడు. కారు బొమ్మ, నాలుగు మూలలా నాలుగు అంకెలు: అన్నీ ముప్పై మూడు, సరిగ్గా ఉండాల్సినంత. గాలి కొలిచే చిన్న మీటరు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీస్తే అక్కకు లేనిపోని అనుమానం వస్తుందని తీయలేదు. అక్క సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఊరు దాటే వరకు చూపు స్క్రీన్ మీదనుంచి తీయలేదు.

హొసపేట వైపు పోయే పెద్ద రోడ్డు పట్టుకుంటే ముందు కుడతిని వస్తుంది. అక్కడ రోడ్డు పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఈ దారిలో పోయేవాళ్ళు ఇంట్లో టిఫిను చేయకండి, వేడివేడి బొరుగుల ఉగ్గాని కోసం కడుపు ఖాళీగా ఉంచుకుని రండి. ప్లేటు నలభై. అక్క కారు దిగింది గానీ దూరం రాలేదు. కిటికీ దగ్గరే నిలబడి, తింటూ తింటూ లోపలికి చూస్తోంది. బజ్జీలు వేస్తున్న ఆవిడ నన్ను అడిగింది.

"ఆయమ్మ లోపల ఏం చూస్తాంది?"

"టైర్లలో గాలి చూస్తాంది."

"గాలి కనిపిస్తాదా?"

"అంకెల్లో కనిపిస్తాదమ్మా."

"ఏమో తల్లీ. మావోళ్ళు కాలితో ఒక తన్ను తన్ని చూసి పోతారు" అని మళ్ళీ నూనె వైపు తిరిగింది.

కుడతిని దాటాక అక్క మారిపోయింది. చెప్తే మీరు నమ్మరు, బెల్టు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. దూరంగా ఎర్రగా కనిపిస్తున్న కొండలు చూపించి, పెళ్ళైన కొత్తలో బావతో కలిసి స్కూటర్ మీద ఇటు వచ్చిన సంగతి చెప్పింది. గాదిలింగప్ప పొలంలో మిరప ఎట్లుందో అడిగింది. భారతికి మగపిల్లాడా ఆడపిల్లా అని నాతో పందెం కూడా వేసింది. వెనక సీట్లో కూర్చుని అక్క మాటలు వింటుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. తోరణగల్లు దగ్గర ఎడమకు తిరిగి సండూరు రోడ్డెక్కాం. ఇక్కడినుంచి ఖనిజం లారీలు మొదలవుతాయి. ముందు ఒకటి, వెనక ఒకటి, ఎదురుగా వరసగా. రోడ్డు పక్క చెట్లు, గుడిసెలు, మైలురాళ్ళు అన్నీ ఎర్రదుమ్ము కొట్టుకుని ఉంటాయి. లారీల్లోంచి రాలిన గట్టి రాళ్ళు రోడ్డు మీద అక్కడక్కడా కనిపిస్తాయి. వీటివల్లే ఈ వైపు బండ్లకు టైర్ల బాధ ఎక్కువ. ఎండ అప్పటికే బాగా ముదిరింది.

అప్పుడు అక్క వెనక్కి తిరిగి నవ్వుతూ అంది. "చూసినావా, పొద్దున్నుంచి ఒక్క అంకె కూడా కదల్లేదు. ముప్పై మూడంటే ముప్పై మూడే."

ఆ మాటే నన్ను భయపెట్టింది. ఎందుకో చెప్తాను, ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. టైరులో గాలి ఎప్పుడూ ఒక్కచోట నిలవదు. పొద్దున చల్లటి టైరులో ముప్పై మూడు ఉంటే, గంటసేపు వేడి రోడ్డు మీద పరుగెత్తాక లోపలి గాలి వేడెక్కి మూడో నాలుగో పెరగాలి. అందుకే టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవమంటారు. పైగా ఎండ తగిలే వైపు టైరు ఒకలా ఉంటుంది, నీడ వైపుది ఇంకోలా ఉంటుంది. ముందువి ఒకలా, బరువు మోసే వెనకవి ఒకలా. బతికున్న మనిషి నాడి కొట్టుకుంటూ ఉన్నట్టే ఆ అంకెలూ కదులుతూ ఉండాలి. మేము బయల్దేరి రెండు గంటలు కావస్తోంది, నలభై కిలోమీటర్లు వచ్చాం, నాలుగు అంకెల్లో ఒక్కటీ చలించలేదు.

"గాదిలింగప్పా, స్వల్ప పక్కకు ఆపు" అన్నాను. చెట్టు నీడలో ఆపాడు. అక్కను కూర్చోమని చెప్పి దిగాను. వెనక ఎడమ టైరు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను, అంత కాలుతోంది. పక్కలు కిందికి ఉబ్బి ఉన్నాయి. సంచిలోంచి మీటరు తీసి పెడితే, అంత వేడి మీద కూడా పంతొమ్మిది చూపించింది. మిగతా మూడూ ముప్పై లోపలే. అక్క కూర్చున్న సీటుకు వెనకాల, బావను చంపిన మూలలోనే ఉన్న టైరది. గాదిలింగప్ప నా భుజం మీదుగా తొంగి చూసి నిమ్మకు నీరెత్తినట్టు అన్నాడు, "మీ మీటరు సరిలేదేమో మేడం. స్క్రీన్‌లో ముప్పై మూడు ఉండాది కదా."

"బండి తోలేటప్పుడు నీకేం తెలియలేదా?"

"ఎడమకు స్వల్ప లాగుతాంది అనుకున్నా. స్క్రీన్ చూసినా, సరిగ్గనే ఉండాది. రోడ్డు సరిలేదులే అనుకున్నా."

మీటరు మళ్ళీ పెట్టబోతూ వాల్వు పట్టుకుంటే అది వదులుగా ఊగింది. సెన్సర్ ఉన్న వాల్వు చక్రానికి బిగుసుకుని ఉంటుంది, ఇలా ఊగదు. ఇది ట్యూబు వాల్వు. ట్యూబు అవసరం లేని టైర్లలో ట్యూబులు తోసి పెట్టాడు. ఖనిజం రాళ్ళకు మాటిమాటికీ పంక్చరవుతుంటే, పంక్చరు షాపువాళ్ళు ఈ సలహా ఇస్తుంటారట. అంతకంటే చెడ్డ సలహా ఉండదు. ట్యూబులేని టైరుకు మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, మనకు ఆపుకునే వ్యవధి ఇస్తుంది. ట్యూబు చిరిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. ఆ ట్యూబు లోపల రాసుకుని వేడి కూడా పెంచుతుంది. సరే, ట్యూబు దూర్చాలంటే సెన్సర్ తీసేయాలి. మరి స్క్రీన్ మీది అంకెలు ఎక్కడివి?

"సెన్సర్లు యాడ ఉండాయి?" అన్నాను.

"అవి భద్రంగా ఉండాయి మేడం."

"భద్రంగా అంటే యాడ?"

డిక్కీ తీశాడు. గాజుల బుట్ట పక్కకు జరిపి, కింద తువ్వాలు చుట్టి పెట్టిన దాన్ని బయటికి తీశాడు. మూరెడు పొడవున్న పీవీసీ పైపు. బోరుబావులకు వాడే గట్టి రకం. రెండు కొసలకూ మూతలు పెట్టి గమ్ముతో అతికించి ఉన్నాయి. ఒక మూత మధ్యలో టైరు వాల్వు పొడుచుకొచ్చి ఉంది. ఊపితే లోపల ఏవో గలగలలాడాయి. పైపు మీద పసుపు, కుంకుమ బొట్లు మూడు.

నాకు అప్పుడు అర్థమైంది. కారుకు కళ్ళు లేవు, చెవులే ఉన్నాయి. తన నాలుగు నంబర్లూ ఎక్కడినుంచి పలికినా అవి చక్రాల్లోంచే పలుకుతున్నాయని నమ్ముతుంది. ఈయన నాలుగు సెన్సర్లనూ పైపులో పెట్టి మూసి, పంపుతో ముప్పై మూడు దాకా గాలి కొట్టి, డిక్కీలో పడుకోబెట్టాడు. ఏసీ చల్లదనంలో అవి హాయిగా ఒక్క అంకె మీదే నిలబడ్డాయి. అన్ని కార్లలో ఈ ఎత్తు పారదు, చక్రం తిరగకపోతే సెన్సర్లు మాట్లాడని బండ్లు ఉన్నాయి. ఈ బండి కర్మకొద్దీ నిలబడి ఉన్నా మాట్లాడే రకం. పొద్దున్నుంచి మా అక్క తన ప్రాణం అప్పజెప్పి చూస్తున్నది టైర్ల గాలిని కాదు, గాజుల బుట్ట కింది గొట్టంలో గాలిని.

"ఇది ఎందుకు చేసినావు?" అని అరిచాను. అరిచాననే రాస్తున్నాను, మర్యాదగా అడిగానని అబద్ధం చెప్పను.

"ట్యూబులేసినాక సెన్సర్లు తీసేసినాం కదా మేడం. స్క్రీన్‌లో ఎర్రగా వస్తాండె, టీ టీ అని ఒకటే అరుపు. ఎక్కినోళ్ళు భయపడతాండ్రి. మా బోరు పైపు ముక్క మిగిలింది. సుమ్నే, ఊరికే పడుండేదాన్ని వాడుకున్నా. అప్పుడు అరుపు నిలిచిపాయ."

"ఈ బొట్లేంది?"

"ఆయుధపూజ నాడు పెట్టింది. బండిలో ఉండేవాటికన్నిటికీ పెడతాం కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. మసిపూసి మారేడుకాయ చేయడం విన్నాను గానీ, చేసినదానికి పసుపూ కుంకుమా పెట్టి పూజ చేయడం ఎక్కడా వినలేదు. అక్క సంగతి అంతా చెప్పాను కదా, భయం బేడ అన్నావు కదా అని దులిపేశాను. దేశమంతా తిరిగి అద్దె బండ్లెక్కాను, అబద్ధాలాడిన వాళ్ళను చూశాను. వాళ్ళకు తాము ఆడేది అబద్ధమని తెలుసు. ఇతనికి అదీ తెలియదు. తానే గాలి కొట్టి పెట్టిన అంకెను రోజూ చూసి చూసి తానే నమ్మేశాడు. బండి పక్కకు లాగుతుంటే తన చేతులు చెప్పిన మాట కాదని ఆ పైపు మాట విన్నాడు. నాకు ఎక్కువ మండింది అందుకే.

ఈ గొడవలో అక్క ఎప్పుడు దిగి వచ్చిందో చూసుకోలేదు. మా వెనక నిలబడి అంతా విన్నట్టుంది. ఇక అయిపోయింది అనుకున్నాను. ఇక్కడే కూలబడుతుంది, ముందుకూ రాదు, వెనక్కీ పోదు, ఇక జన్మలో బండెక్కదు అనుకున్నాను. అక్క మొహం పాలిపోయి ఉంది గానీ కళ్ళలో నీళ్ళు లేవు. చెయ్యి చాపింది. "దాన్ని ఇట్లియ్యి" అంది. గాదిలింగప్ప పైపు ఇచ్చాడు. అక్క జడలోంచి పిన్ను తీసి, దాని కొసతో వాల్వు మధ్య సూదిని నొక్కింది. బుస్సుమని గాలి బయటికొచ్చింది. కారు లోపల అంకెలు నాలుగూ కలిసికట్టుగా దిగడం మొదలుపెట్టాయి. ఇరవై ఆరు, పద్దెనిమిది, తొమ్మిది. కూత మొదలైంది. లారీలు పోతూనే ఉన్నాయి, బండి అరుస్తూనే ఉంది, అక్క గాలి మొత్తం పోయేదాకా పిన్ను తీయలేదు.

"ఈ బండిలో మీ ఇంట్లోవాళ్ళను ఎక్కిచ్చుకుంటావా అప్పా?" అంది తర్వాత, మెల్లగా.

"ఎక్కిచ్చుకుంటానమ్మా. మొన్న ఆదివారం కూడా పిల్లోళ్ళను కర్నూలు తీసకపోయి వచ్చినా."

"నీ భార్యకు ఫోన్ చెయ్యి. నాకియ్యి."

అతను నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఫోన్ కలిపి ఇచ్చాడు. అక్క ఆ తెలియని ఆడమనిషితో మాట్లాడిన మాటలు నాకు ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి. "అమ్మా, నేను నీకు తెలీదు. మీ ఆయన బండిలో సండూరుకు పోతాండా. మా ఆయన టైరు పేలి పోయినాడు. మీ బండి టైర్లలో గాలి లేదు, ఉందని స్క్రీన్ అబద్ధం చెప్తాంది. అట్ల చేసింది మీ ఆయనే. చెడ్డోడు కాదు, తెలీక చేసినాడు. తెలీక చేసినా పోయేది ప్రాణమే కదమ్మా. ట్యూబులు తీపిచ్చి, ఆ సెన్సర్లు మళ్ళా చక్రాల్లో పెట్టిచ్చిన దాకా నువ్వు ఎక్కొద్దు, పిల్లోళ్ళను ఎక్కనియ్యొద్దు. నా మాట ఇను." అవతల ఏమందో తెలియదు. అక్క "ఊ" అని ఫోన్ అతని చేతికిచ్చింది. నా తిట్లకు చెక్కుచెదరని గాదిలింగప్ప భార్య మాటలు విని, ఫోన్ పెట్టేసి, జాకీ బయటికి తీశాడు.

స్టెప్నీ బిగించుకుని, మెల్లగా తోరణగల్లుకు తిరిగిపోయి టైర్లు బాగు చేయించుకుంటానన్నాడు. సామాన్లు దించి రోడ్డు పక్క పెట్టాడు. సండూరు ఇంకా పాతిక కిలోమీటర్లు ఉంది. ఆటో పిలుద్దామా, అల్లుడికి ఫోన్ చేద్దామా అని నేను లెక్కలేస్తున్నాను. ఇంతలో బళ్ళారి నుంచి సండూరు పోయే ప్రభుత్వ బస్సు వచ్చింది. అక్క గాజుల బుట్ట చంకలో పెట్టుకుని చెయ్యెత్తింది. బస్సు ఆగింది. డ్రైవరు తలుపు దగ్గరికి పోయి, "టైర్లు ఎవరు చూస్తారప్పా?" అని అడిగింది.

"దినా పొద్దున డిపోలో చూసే బిడతారమ్మా, చూడంది బయటికి వదలరు. బన్ని, ఎక్కండి" అన్నాడు ఆయన, సగం కన్నడంలో సగం తెలుగులో.

అక్క బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలి టైర్లు కూడా వంగి చూసింది. కండక్టరు విసుక్కున్నాడు. విసుక్కోనీ. ఎక్కింది. సీటు ఉన్నా కూర్చోలేదు, డ్రైవరు వెనక ఉన్న కమ్మీ పట్టుకుని నిలబడింది. భయపడలేదని చెప్పను. మణికట్టు పట్టుకుంటే నాడి నా వేళ్ళకు తగిలేంత గట్టిగా కొట్టుకుంటోంది, లారీ ఎదురొచ్చిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంది. కొండల సందులోంచి రోడ్డు లోపలికి తిరిగి, ఎర్రదుమ్ము వెనకబడి, చుట్టూ పచ్చదనం మొదలయ్యే చోటు ఈ దారిలో అన్నిటికంటే అందమైంది. మీరు పోయినప్పుడు ఎడమ వైపు కిటికీ పట్టండి. మేమిద్దరం మాత్రం చూడలేదు.

భారతి నేనొక్కదాన్నే వస్తాననుకుంది. మంచం మీద కూర్చుని ఉన్న పిల్ల గడపలో తల్లిని చూసి లేవబోతే అక్క "లేయొద్దు" అని గదమాయించింది.

"ఎట్ల వచ్చినావమ్మా?"

"కోపం మీద వచ్చినా" అంది అక్క. అని కాళ్ళు కూడా కడుక్కోకుండా బుట్ట విప్పి, ఒక్కో గాజూ తన చేత్తోనే తొడిగింది. ఓళిగ తుంచి నోట్లో పెడుతూ అప్పుడు ఏడ్చింది.

మరుసటి రోజు గాదిలింగప్ప భార్య అక్కకు ఫోన్ చేసింది. ట్యూబులు తీయించారని, సెన్సర్లు బిగిస్తుంటే తానే షాపులో నిలబడి చూశానని చెప్పింది. సంతోషమే. అయినా నా కోపం పోలేదు, పోవాలని కూడా లేదు. నేను నాలుగేళ్ళు బుజ్జగించి పోగొట్టలేని భయాన్ని ఒక పూట కోపం రోడ్డు దాటించింది. అట్లని ఆ పైపుకు దండం పెట్టమంటారా? పెట్టను. ఇంకో పది కిలోమీటర్లు పోయి ఉంటే ఈ టపా రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. ప్రమాదం వస్తోందని చెప్పడానికి మనిషి ఎంతో బుర్ర పెట్టి ఒక పరికరం చేస్తాడు. దాని నోరు నొక్కడానికి ఇంకో మనిషి అంతకంటే ఎక్కువ బుర్ర పెడతాడు. ఆ తెలివిలో సగం గాలి కొట్టించడానికి పెడితే మా బావ రేపో మాపో తాతయ్యేవాడు.

ఇక పనికొచ్చే మాట ఒకటి. అంకెలు చూపించే అద్దె బండి ఎక్కేముందు ఒక టైరు వాల్వు సూది నొక్కి కాస్త గాలి వదలండి, బండిని కొంచెం దూరం నడిపించి స్క్రీన్ చూడండి. ఆ టైరు అంకె ఒక్కటే దిగాలి. దిగితే గాలి మళ్ళీ నింపించుకుని ఎక్కండి, దిగకపోతే ఇంటికి పొండి. డ్రైవర్లు గొణుగుతారు, పట్టించుకోకండి. కాన్పుకు భారతిని పుట్టింటికి తీసుకురావడానికి డాక్టరమ్మ మొన్న ఒప్పుకుంది. అక్క ఇంకో బండి మాట్లాడి, యజమాని ముందే చీర కుచ్చిళ్ళు ఎగదోపి చక్రం దగ్గర కూర్చుని ఇదే పరీక్ష చేసింది. "ఒక్కరిని తెచ్చేదానికి ఇంత పరీక్షేందమ్మా?" అని ఆయన నవ్వాడట.

"ఒక్కరు కాదప్పా," అందట అక్క, వాల్వు మీదనుంచి చెయ్యి తీయకుండానే, "వచ్చేది ఇద్దరు."